స్నోరి వేడినీళ్ల గుండం

అది ఒక చిన్న గుండం. గుండ్రంగా ఉంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు 4 మీటర్లు. లోతు ఒక మీటరుకు మించదు. చుట్టూ చెక్కిన రాళ్లు పేర్చి కట్టారు. లోపలికి దిగడానికి రాతి మెట్లున్నాయి. నీళ్ల మీద పల్చగా ఆవిరి లేస్తూ ఉంటుంది. గుండం వెనక గడ్డి మొలిచిన మట్టి దిబ్బ ఉంది. ఆ దిబ్బకు ఒక చిన్న చెక్క తలుపు. తలుపు వెనక సొరంగం.

ఇంత చిన్న గుండాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఎందుకు వస్తారు? ఈ గుండం పేరు 800 ఏళ్ల కిందటి పుస్తకాల్లో ఉంది. ఆ కాలంలో ఇది ఒక పెద్ద రచయితది. ఆయన పేరు స్నోరి స్టుర్లుసన్. ఒక సాయంత్రం ఆయన ఈ గుండంలో కూర్చుని ఉంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఊరి పెద్దల గురించి మాట్లాడుకున్నారని రాసి ఉంది. ఆయన స్నానం చేస్తుంటే ఒక మనిషి కాపలా ఉండేవాడనీ రాసి ఉంది. స్నానానికి కాపలా ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. ఆయనను చంపిన చోటు కూడా ఇక్కడికి దగ్గరే.

గుండం ఉన్న ఊరు రేక్‌హోల్ట్. దేశం ఐస్‌లాండ్.

మంచు నేల, మరిగే నీళ్లు

ఐస్‌లాండ్ అంటే మంచు నేల అని అర్థం. యూరప్‌కు పడమర దిక్కున, సముద్రం నడుమ ఉన్న దీవి అది. మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది. తెలంగాణలో మూడున్నర కోట్ల మంది ఉన్నారు. ఐస్‌లాండ్‌లో 4 లక్షల మంది కూడా లేరు. చలికాలం అక్కడ పగలు నాలుగైదు గంటలే. వేసవిలో రాత్రి పదకొండైనా వెలుతురు పోదు.

అక్కడి పెద్ద ఊరు రేక్యావిక్. అదే రాజధాని. ఆ పేరు మొదట్లో ‘రేక్’ ఉంది చూడండి. రేక్‌హోల్ట్‌లోనూ ఉంది. రేక్ అంటే వాళ్ల భాషలో పొగ, ఆవిరి. సుమారు 1,150 ఏళ్ల కిందట పడవల మీద వచ్చి ఆ దీవిలో కాపురం పెట్టినవాళ్లు, నేలలోంచి ఆవిరి లేవడం చూసి ఇలాంటి పేర్లు పెట్టుకున్నారు.

నేలలోంచి ఆవిరి ఎందుకు వస్తుంది? భూమి పైపొర ఒకే ముక్క కాదు. పగిలిన కుండ పెంకుల్లాగా పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. అలాంటి రెండు పలకలు ఐస్‌లాండ్ కింద కలుస్తాయి. అవి ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయి. గోరు పెరిగే దానికన్నా నెమ్మది. ఆ సందులోంచి భూమి లోపలి వేడి పైకి వస్తుంది. అందుకే అక్కడ అగ్నిపర్వతాలు ఎక్కువ. వానలు పడతాయి, మంచు కరుగుతుంది. ఆ నీళ్లు బీటల్లోకి ఇంకుతాయి. కింద కాలుతున్న రాళ్లు తగిలి మరుగుతాయి. మరిగిన నీళ్లు కిందనే ఉండలేవు. పొయ్యి మీది ఎసరు మూతను ఎత్తినట్టు నేలను చీల్చుకుని పైకి వస్తాయి. అదే వేడినీళ్ల బుగ్గ. ఇందులో ఎవరి మహిమా లేదు. ఎవరి కోపమూ లేదు. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి కదా. అక్కడా నేల కింది వేడే ఆ నీళ్లను కాస్తుంది. ఐస్‌లాండ్‌లో అలాంటి బుగ్గలు వందలు ఉన్నాయి.

రేక్‌హోల్ట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే డైల్డర్‌తుంగ అనే బుగ్గ ఉంది. యూరప్ మొత్తంలో ఇంత నీరు పోసే వేడినీళ్ల బుగ్గ ఇంకొకటి లేదు. సెకనుకు 180 లీటర్లు. బిందెకు 15 లీటర్లు అనుకుంటే, కన్ను మూసి తెరిచేలోగా 12 బిందెలు. నిమిషానికి 720 బిందెలు. ఆ నీళ్ల వేడి 97 డిగ్రీలు. అంటే దాదాపు మరిగే నీళ్లే. ఆ నీళ్లను పైపుల్లో 34 కిలోమీటర్ల దూరం ఒక ఊరికీ, 64 కిలోమీటర్ల దూరం ఇంకో ఊరికీ పంపుతారు. అంత దూరం పోయినా నీళ్లు వేడిగానే ఉంటాయి. ఇళ్లను వెచ్చగా ఉంచుతాయి.

బట్టల మూటలు మోసిన ఆడవాళ్లు

ఈ సుఖం నిన్న మొన్నటిదే. పూర్వం ఐస్‌లాండ్‌లో వంటచెరకుకు కరువు. ఉన్న చెట్లను తొలి తరాలవాళ్లే నరికేశారు. గొర్రెల పెంటను ఎండబెట్టి, మన పిడకల్లాగే కాల్చేవాళ్లు. ఆ దేశంలో వేడినీళ్లు అంటే బంగారమే. కొన్నిచోట్ల పిండి కలిపి, గిన్నెలో పెట్టి మూత బిగించి, వేడి నేలలో పాతిపెట్టేవాళ్లు. ఒక పగలు, ఒక రాత్రి ఆగి తీస్తే రొట్టె తయారు. ఇప్పటికీ అలా చేసేవాళ్లు ఉన్నారు. చేదోడుకు పుల్ల అక్కరలేదు. ఊదుడు గొట్టం అక్కరలేదు.

బట్టలు ఉతకడం మాత్రం అంత సులువు కాలేదు. రేక్యావిక్ ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో వేడినీళ్ల బుగ్గలు ఉన్నాయి. 1800లలో ఊళ్లోని మాసిన బట్టలు అక్కడికి పోయేవి. ఉతికేది ఆడవాళ్లు. చాలామంది ఇళ్లల్లో పనికి కుదిరినవాళ్లు. బట్టల మూట, బకెట్టు, ఉతికే చెక్క, సబ్బు, కాఫీ గిన్నె అన్నీ వీపున కట్టుకుని నడిచేవాళ్లు. దారి సరిగా ఉండేది కాదు. చలికాలం మంచు, చీకటి. పోయేటప్పుడు పొడి బట్టలు. వచ్చేటప్పుడు తడి బట్టలు. తడి బట్టల మూట ఎంత బరువో ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

1885లో ఆ బుగ్గల వైపు ఒక దారి వెయ్యడం మొదలైంది. దాని పేరు లౌగావెగుర్. బుగ్గల దారి అని అర్థం. ఇప్పుడు అది రేక్యావిక్‌లో అన్నిటికన్నా పేరున్న బజారు. రెండు పక్కలా కొట్లు. అక్కడ తిరిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎందుకొచ్చిందో గుర్తుంటుందో మరి.

మరిగే నీళ్ల అంచున పని. నేలంతా తడి. కాలు జారితే అంతే. కొందరు ఆడవాళ్లు అలా నీళ్లల్లో పడి, ఒళ్లు కాలి చనిపోయారు. ఆ తర్వాత 1900ల మొదట్లో నీళ్ల మీద ఇనుప కమ్మీలు బిగించారు. ప్రాణాలు పోయాక గానీ కమ్మీలు రాలేదు. ఆ కమ్మీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. దగ్గరలో ఒక విగ్రహం కూడా ఉంది. ఏ రాజుదో కాదు. దాని పేరు ‘ఉతికే మనిషి’.

1930లో ఆ బుగ్గల దగ్గర బోర్లు వేసి, వేడినీళ్లను పైపుల్లో ఊళ్లోకి తెచ్చారు. మొదట ఒక బడికి ఇచ్చారు. ఆసుపత్రికి ఇచ్చారు. అరవై డెబ్బై ఇళ్లకు ఇచ్చారు. ఇప్పుడు దేశంలో ప్రతి 10 ఇళ్లల్లో 9 ఇళ్లు భూమి వేడితోనే వెచ్చబడుతున్నాయి. మనుషులు నీళ్ల దగ్గరికి నడిచే రోజులు పోయాయి. నీళ్లే మనుషుల దగ్గరికి నడిచి వచ్చాయి.

800 ఏళ్ల కిందటే కాలువ

ఆ పని రేక్‌హోల్ట్‌లో ఎప్పుడో జరిగింది. అక్కడ స్క్రిఫ్లా అనే బుగ్గ ఉంది. దాని నీళ్లు చెయ్యి పెడితే బొబ్బలెక్కేంత వేడి. స్నానానికి పనికిరావు. అందుకని బుగ్గ నుంచి గుండం దాకా సుమారు 120 మీటర్ల పొడవున రాతి కాలువ కట్టారు. పైన రాళ్లు కప్పారు. ఆ దూరం పారేసరికి నీళ్ల వేడి కొంత తగ్గుతుంది. కావలసినంత గుండంలోకి వదలడం, ఎక్కువైతే కాలువకు అడ్డం పెట్టడం. మన పొలాల్లో మడవ కట్టి నీళ్లు తిప్పినట్టే. గుండానికి వాడిన రాయి కూడా వేడినీళ్ల బుగ్గల దగ్గర దొరికేదే. నీళ్లల్లో కరిగి ఉన్న ఖనిజం పొరలు పొరలుగా పేరుకుని అలా రాయిగా మారుతుంది.

గుండం నుంచి ఇంట్లోకి సొరంగం ఉండేది. బయట చలిగాలి కొడుతున్నా, తడి ఒంటితో బయట నడవకుండా ఇంట్లోకి పోవచ్చు. దాన్ని కొంతమేర తవ్వి తీశారు. చెక్క తలుపు వెనక ఉన్నది అదే. 1998 నుంచి ఆ ఊళ్లో చాలా ఏళ్లు తవ్వకాలు జరిగాయి. పాత ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. బుగ్గ ఆవిరిని ఇంటి వైపు తీసుకుపోయిన కాలువ కూడా కనిపించింది. 

గుండాన్ని మొదట ఎవరు కట్టారో ఎక్కడా రాసి లేదు. స్నోరి బాగా వాడాడు కాబట్టి ఆయన పేరే మిగిలింది. రాళ్లు ఎత్తిన చేతుల పేర్లు మిగలలేదు.

స్నోరి ఎవరు?

స్నోరి 1179లో పుట్టాడు. స్టుర్లుసన్ అన్నది ఇంటిపేరు కాదు. స్టుర్లా కొడుకు అని అర్థం. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేర్లు లేవు. కొడుకైతే తండ్రి పేరు చివర ‘సన్’ అంటారు. కూతురైతే ‘దోత్తిర్’ అంటారు. పెళ్లయినా ఆడమనిషి పేరు మారదు. పుట్టినప్పుడు ఎవరి కూతురో, చచ్చేదాకా ఆ పేరే. ఈనాటికీ అంతే.

స్నోరి పసివాడుగా ఉన్నప్పుడే తండ్రికి ఒక తగాదా వచ్చింది. ఆ రాజీలో భాగంగా ఓడ్డి అనే ఊరి పెద్ద మనిషి ఈ పిల్లవాడిని పెంచడానికి తీసుకుపోయాడు. ఓడ్డి చదువుకు పేరున్న చోటు. తగాదా వల్ల పిల్లవాడికి చదువు దొరికింది.

ఆ కాలంలో ఐస్‌లాండ్‌కు రాజు లేడు. ఊరి పెద్దలంతా ఏడాదికి ఒకసారి ఒక మైదానంలో కూడేవాళ్లు. ఆ సభ పేరు ఆల్థింగ్. తగాదాలు అక్కడే తీర్చేవాళ్లు. చట్టాలు అక్కడే చేసేవాళ్లు. సభకు ఒక చట్టం చెప్పే పెద్ద ఉండేవాడు. తొలిరోజుల్లో చట్టాలు కాగితం మీద లేవు. ఆ పెద్దకు అన్నీ నోటికి వచ్చి ఉండాలి. ఏడాదికి మూడో వంతు చొప్పున, మూడేళ్లలో మొత్తం చట్టం సభకు వినిపించాలి. వినేవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1117 చలికాలంలో గానీ చట్టాలు రాతలోకి రావడం మొదలుకాలేదు.

స్నోరి రెండుసార్లు ఆ చట్టం చెప్పే పెద్ద అయ్యాడు. మొదటిసారి 1215లో. అదే రోజుల్లో మన ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు రాజ్యం చేస్తున్నాడు. రామప్ప గుడి కట్టి రెండేళ్లయింది.

స్నోరి రాసిన పుస్తకాల్లో ఒకటి ఎడ్డా. పద్యాలు కట్టాలనుకునే కుర్రవాళ్లకు పాఠ్యపుస్తకం లాంటిది. అందులో వాళ్ల పాత దేవుళ్ల కథలు ఉన్నాయి. అప్పటికే ఆ దేశం క్రైస్తవ మతంలోకి మారి 200 ఏళ్లు దాటింది. పాత కథలను జనం మరిచిపోతున్నారు. స్నోరి రాసిపెట్టకపోతే వాటిలో చాలా కథలు ఈరోజు మనకు తెలిసేవి కావు. ఇంకొకటి హైమ్‌స్‌క్రింగ్లా. అది నార్వే రాజుల చరిత్ర. నార్వే ఐస్‌లాండ్‌కు తూర్పున, సముద్రం అవతల ఉన్న రాజ్యం.

పుస్తకం అంటే అప్పుడు కాగితం కాదు. దూడ తోలును గీకి, ఆరబెట్టి, సాగదీసి దాని మీద రాసేవాళ్లు. ఒక తోలుకు కొద్ది ఆకులే వస్తాయి. పెద్ద పుస్తకానికి ఒక మందలోని దూడలన్నీ కావాలి. అంటే రాయడం కలవారి పని. స్నోరి కలవాడే. ఆ కలిమి ఎలా వచ్చింది?

ఆస్తులు, పెళ్లిళ్లు, పగలు

స్నోరి ధర్మరాజు కాదు. ఆస్తి మీద ఆశ చాలా ఎక్కువ. 1199లో ఒక ధనికుడి కూతురు హెర్దిస్‌ను చేసుకున్నాడు. మామ చనిపోగానే ఆ ఆస్తి చేతికి వచ్చింది. 1206 ప్రాంతంలో రేక్‌హోల్ట్‌కు మకాం మార్చాడు. హెర్దిస్ పాత ఊళ్లోనే ఉండిపోయింది. 1224లో హాల్‌వేగ్ అనే వితంతువుతో ఆస్తులు కలుపుకుని కాపురం పెట్టాడు. ఆమె ఐస్‌లాండ్‌లో అందరికన్నా ధనికురాలు. ఆమెకు అంతకు ముందు పెళ్లి వల్ల ఇద్దరు కొడుకులు.

స్నోరి కూతుళ్ల పెళ్లిళ్లు కూడా లెక్క చూసే చేశాడు. దేశంలో బలమైన ఇళ్లు ఏవి? ఆ ఇళ్లకు ఇచ్చాడు. అల్లుళ్లు తనకు అండగా ఉంటారని ఆశ. కూతుళ్లకు ఇష్టమో లేదో ఆ పాత పుస్తకాల్లో రాయలేదు. ఆ పెళ్లిళ్లలో కొన్ని నిలబడలేదు. ఇంగిబ్యోర్గ్ అనే కూతురిని గిస్సుర్ అనే అతనికి ఇచ్చాడు. వాళ్లకు పొత్తు కుదరలేదు. విడిపోయారు. గిస్సుర్ ఆ తర్వాత స్నోరికి శత్రువయ్యాడు.

నార్వే రాజుతో ఇంకో చిక్కు. 1218లో స్నోరి నార్వే వెళ్లాడు. అక్కడ బాగా మర్యాదలు చేశారు. ఐస్‌లాండ్ మా చేతికి వచ్చేలా చెయ్యి అన్నారు. సరే అని వచ్చాడు. వచ్చి ఏమీ చెయ్యలేదు. 1237లో మళ్లీ వెళ్లాడు. ఈసారి రాజు, నేను చెప్పేదాకా కదలవద్దు అని కబురు పెట్టాడు. 1239లో స్నోరి ఆ మాట కాదని ఓడ ఎక్కి ఇంటికి వచ్చేశాడు. రాజుకు కోపం వచ్చింది. స్నోరిని నార్వేకు పట్టి పంపు, లేదంటే చంపు అని గిస్సుర్‌కు ఉత్తరం రాశాడు.

1241 వేసవిలో హాల్‌వేగ్ చనిపోయింది. ఆమె కొడుకులిద్దరూ తల్లి ఆస్తిలో వాటా అడిగారు. స్నోరి కొంత పంచాడు. భూముల దగ్గర పేచీ పెట్టాడు. కొడుకులు వాళ్ల బాబాయి దగ్గరికి వెళ్లి చెప్పుకున్నారు. ఆ బాబాయి ఎవరో కాదు, గిస్సురే. రాజు ఉత్తరం అతని దగ్గర ముందే ఉంది. ఇప్పుడు సాకు కూడా దొరికింది.

చదవలేని ఉత్తరం

ఆ రోజుల్లోనే స్నోరికి ఒక ఉత్తరం వచ్చింది. ఆయన మేలు కోరే ఒక మనిషి పంపాడు. శత్రువుల చేతికి చిక్కినా తెలియకూడదని మామూలు అక్షరాలతో రాయలేదు. పాతకాలపు గుర్తులతో, గుట్టు లిపిలో రాశాడు.

స్నోరి ఆ ఉత్తరాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పక్కన ఉన్నవాళ్లూ చూశారు. ఎవరూ చదవలేకపోయారు. ఏదో హెచ్చరిక అయి ఉంటుందని మాత్రం అనుకున్నారు. ఏ రోజు? ఎవరు? ఎంతమంది? అది ఆ గీతల్లోనే ఉండిపోయింది. అంత పెద్ద పుస్తకాలు రాసిన మనిషి, చట్టమంతా చెప్పిన మనిషి. తన ప్రాణం సంగతి రాసిన ఒక్క ముక్క చదువుకోలేకపోయాడు. స్నోరి ఇంటికి వెళ్లిపోయాడు.

1241 సెప్టెంబర్ 23. ఆ రాత్రి గిస్సుర్ మనుషులను వెంటబెట్టుకుని రేక్‌హోల్ట్ మీదికి వచ్చాడు. హాల్‌వేగ్ కొడుకుల్లో ఒకడు వెంట వచ్చాడు. ఇంకొకడు ఈ పనికి నేను రానన్నాడు. వాళ్లు స్నోరి పడుకునే ఇంటి తలుపు పగలగొట్టారు. స్నోరి లేచి పక్క ఇళ్ల వైపు పరుగెత్తాడు. అక్కడ ఒక పూజారి కనిపించాడు. ఇద్దరూ మాట్లాడుకున్నాక స్నోరి నేల కింది కొట్టులో దాక్కున్నాడు. గిస్సుర్ ఆ పూజారిని పట్టుకున్నాడు. స్నోరి ఎక్కడున్నాడని అడిగాడు. రాజీ చేసుకోవాలంటే మనిషి కనిపించాలి కదా అన్నాడు. కాసేపటికి చోటు తెలిసిపోయింది. అయిదుగురు కొట్టులోకి దిగారు. కొట్టవద్దని స్నోరి అన్నాడట. కొట్టారు. ఆయనకు అప్పుడు 62 ఏళ్లు.

ఈ సంగతులన్నీ ఎలా తెలిశాయి? స్నోరి అన్న కొడుకు ఒకాయన ఇవన్నీ రాసిపెట్టాడు. అతని పేరు కూడా స్టుర్లానే. చదవలేని ఆ ఉత్తరం సంగతి రాసింది అతనే. పెద్దనాన్నల, బాబాయిల తప్పులు కూడా దాచకుండా రాశాడు.

స్నోరి చనిపోయిన 20 ఏళ్లకు, 1262 నుంచి 1264 మధ్య, ఐస్‌లాండ్ పెద్దలు నార్వే రాజుకు లోబడ్డారు. తర్వాత డెన్మార్క్ రాజుల కిందికి వెళ్లారు. తిరిగి పూర్తి స్వతంత్రం వచ్చింది 1944లో.

సాయంత్రం చదువు

స్నోరిది కలవారి చదువు. అది మామూలు జనం దగ్గరికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1700ల నడుమ పిల్లలకు ఇంట్లోనే చదవడం నేర్పాలని కట్టుబాటు చేశారు. బళ్లు లేవు. నేర్పింది తల్లులు, అమ్మమ్మలు, నాన్నలు. ఊరి చర్చి పూజారి ఇల్లిల్లూ తిరిగి ఎవరికి చదవడం వచ్చిందో చూసేవాడు. ఆ శతాబ్దం చివరికి చాలామందికి చదవడం వచ్చింది. రాయడం మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఆడవాళ్లకు ఇంకా ఆలస్యం.

చలికాలం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చునేవాళ్లు. ఒక్కటే దీపం. ఒకరు ఉన్ని దువ్వేవాళ్లు, ఒకరు వడికేవాళ్లు, ఒకరు అల్లేవాళ్లు. ఒకరు మాత్రం పని మాని దీపం దగ్గర కూర్చుని పాత కథలు పైకి చదివేవాళ్లు. అందరూ వింటూ పని చేసేవాళ్లు. స్నోరి కాలపు కథలు అలా ఇంటింటికీ తెలుసు. వాళ్ల భాష ఈ 800 ఏళ్లలో పెద్దగా మారలేదు. కాస్త కష్టపడితే ఇప్పటి పిల్లలు కూడా స్నోరి రాసినది చదవగలరు.

ఇప్పుడు అక్కడికి వెళ్తే

రేక్యావిక్ నుంచి రేక్‌హోల్ట్ సుమారు 100 కిలోమీటర్లు. చిన్న ఊరు. రెండు చర్చిలు ఉన్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. స్నోరి పేరుతో ఒక పరిశోధన కేంద్రం ఉంది. అందులో పాత పుస్తకాల మీద పని జరుగుతుంది. అక్కడి నుంచి నడిచి వెళ్తే పాత బడి కట్టడం వెనక గుండం. 1817లోనే దీన్ని కాపాడవలసిన పాత కట్టడాల జాబితాలో చేర్చారు. మధ్యలో రాళ్లు కదిలితే 1858లోనూ, 1959లోనూ బాగు చేశారు.

గుండం చూడటానికే. స్నానానికి కాదు. పాత రాళ్లు పాడవుతాయి. పైగా నీళ్ల వేడి ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. గోరువెచ్చగా ఉందనుకుని చెయ్యి పెడితే చురుక్కుమనవచ్చు. ముందు వేలు ముంచి చూడాలి. బుగ్గల దగ్గర తాడు కట్టి ఉంటే ఆ తాడు దాటకూడదు. నేల గట్టిగా కనిపిస్తుంది, కింద మరుగుతూ ఉంటుంది. పిల్లలతో వెళ్లినవాళ్లు చెయ్యి వదలకూడదు. స్నానం చెయ్యాలనుకుంటే దేశమంతా వేడినీళ్ల కొలనులు కట్టి ఉన్నాయి. అక్కడ ఆడా మగా, ముసలీ ముతకా సాయంత్రం మెడ దాకా నీళ్లల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. స్నోరి చేసినట్టే. కాపలా మాత్రం అక్కరలేదు.

గుండానికి దగ్గరలో స్నోరి విగ్రహం ఉంది. పొడుగాటి అంగీ, చేతిలో పుస్తకం. దాన్ని 1947లో ఐస్‌లాండ్‌కు బహుమతిగా ఇచ్చింది నార్వే. ఆ నార్వే రాజు మాట మీదనే స్నోరిని చంపారు. ఇప్పుడు నార్వేవాళ్లు తమ పాత రాజుల చరిత్ర తెలుసుకోవాలంటే స్నోరి పుస్తకమే తెరవాలి. విగ్రహం ఆవిష్కరణకు నార్వే యువరాజు స్వయంగా వచ్చాడు.

మాట్లాడుకోండి

మీ ఊరి దగ్గర బుగ్గ, ఊట, గుండం ఏదైనా ఉందా? దాని పేరు ఎలా వచ్చింది? పెద్దవాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాయండి.

హాల్‌వేగ్ ఆస్తిలో కొడుకులకు ఎంత రావాలని మీరు అనుకుంటున్నారు? స్నోరి చేసింది సబబేనా?

డైల్డర్‌తుంగ బుగ్గ సెకనుకు 12 బిందెలు పోస్తుంది. మీ ఇంటికి రోజుకు ఎన్ని బిందెల నీళ్లు కావాలి? ఆ బుగ్గ దగ్గర అన్ని బిందెలు నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుంది? లెక్క కట్టండి.